పెట్రోల్లో సారా

"ఆ నీలం చీర కూడా ఇలా పడెయ్యి," అంది దీనమ్మ.

ప్రిస్కిల్లా పడెయ్యలేదు. దండెం మీది చీర కొంగు పట్టుకుని అలాగే నిలబడింది. ట్రంకు పెట్టె మూత తెరిచి ఉంది. అందులోకి అప్పటికే నాలుగు చీరలు, లేసు అల్లే దారపుండలు, సూదుల డబ్బా, బైబిలు చేరిపోయాయి. బైబిలు పెట్టెలోకి వెళ్ళిందంటే దీనమ్మ ఒకటి రెండు రోజుల కోసం వెళ్ళడం లేదని ఆ ఇంట్లో ఎవరికైనా తెలుసు.

తొమ్మిదిన్నర అయింది. పదిన్నరకి పాలకొల్లు బస్సు. పాలకొల్లులో దీనమ్మ తమ్ముడున్నాడు.

పెళ్ళాం పెట్టె సర్దుకుంటుంటే మొగుడనేవాడు ఏం చెయ్యాలి? అడ్డం పడాలి. బతిమాలాలి. ఏదీ చేతకాకపోతే కనీసం నాలుగు కేకలెయ్యాలి. మన రాజరత్నం మాత్రం వీధరుగు మీద గోడకి చేరబడి, వానలో తడుస్తున్న తన అంబాసిడర్ టాక్సీని చూస్తూ కూర్చున్నాడు. నిన్న సాయంత్రం నుంచి ఆయన నోట వచ్చింది ఒకే ఒక్క మాట. "అది పెట్రోలు వాసన దీనా." అంతే. ఆ మనిషిని పట్టుకుని ఊపేద్దామనిపిస్తుంది చూసేవాళ్ళకి.

"అమ్మా, నాన్న తాగలేదమ్మా," అంది ప్రిస్కిల్లా పదోసారి.

"నువ్వు చూశావా?"

"అబ్బులు మామ చూశాడు, కారు బాగుచేసింది ఆయనే కదా. రాత్రి హాస్టలుకి ఫోన్ చేసి చెప్పాడు. అందుకే కదా మొదటి బస్సు పట్టుకుని వచ్చాను. దిగమర్రు దాటాక కారు ఆగిపోయిందంట. ట్యాంకులో నీళ్ళంట. నాన్న గొట్టం పెట్టి నోటితో లాగాడంట. అప్పుడు నోట్లోకి..."

"నోట్లోకి పెట్రోలు పోయింది. అంతేనా? ఆ ముక్క నాకు కొత్త కాదులేవే."

కొత్త కాదు మరి. ఆ రోజుల్లో రాజరత్నం రోజూ సారా కొట్టు దగ్గర్నుంచి నేరుగా ఇంటికొచ్చేవాడు కాదు. వీధి మలుపులో కారాపి, ట్యాంకులో గొట్టం పెట్టి, నోటినిండా పెట్రోలు పీల్చి, పుక్కిలించి ఉమ్మేసి అప్పుడు గుమ్మమెక్కేవాడు. దారిలో కారు బాగుచేశాను, అందుకే ఈ కంపు అనేవాడు. దీనమ్మ నాలుగేళ్ళు నమ్మింది. అయ్యో పాపమని నోరు కడుక్కోవడానికి చెంబుతో నీళ్ళు కూడా అందించేది. నమ్మినన్నాళ్ళు నమ్మినందుకు ఆవిడకి తన మీద తనకే ఇప్పటికీ కోపం.

తర్వాత ఊళ్ళో ఆడవాళ్ళందరూ సారా కొట్టు ముందు బైఠాయించినప్పుడు దీనమ్మ ముందు వరసలో కూర్చుంది. కుండలు వీధిలో పగలగొట్టింది. ఆ తర్వాత తొమ్మిదేళ్ళ కిందట ఒక ఆదివారం, సంఘమంతా చూస్తుండగా రాజరత్నం మోకాళ్ళ మీద పడి, ఇక చుక్క ముట్టనని దేవుడి ముందు ఒట్టు పెట్టుకున్నాడు. ఆ రోజు ఇంటికొచ్చాక దీనమ్మ ఒక్కటే చెప్పింది. మళ్ళీ ఒక్కసారి వాసన తగిలితే అరవను, ఏడవను, వెళ్ళిపోతాను అని.

నిన్న సాయంత్రం తగిలింది.

అదీ ఆవిడ ఊహించుకున్నది కాదు. కారు బాగయ్యాక దారిలో ఎక్కి వచ్చిన జ్ఞానప్రకాశం మాస్టారు సంఘ పెద్ద, ఆచితూచి మాట్లాడే మనిషి. కారు దిగి వెళ్తూ గొడుగు కింద తలొంచుకుని, "అమ్మా దీనమ్మా, నేనెక్కడా అనను గానీ, ఆయన దగ్గర వాసనొస్తోందమ్మా. కాస్త చూసుకో," అని వెళ్ళిపోయారు. ఆవిడ దగ్గరికెళ్ళి చూసుకుంది. పైన పెట్రోలు కంపు. దాని కింద ఇంకొకటి. ఆ రెండోదాన్ని దీనమ్మ నిద్రలో కూడా పోల్చుకోగలదు.

"పైది పెట్రోలే. కాదనను," అంది దీనమ్మ చీర మడతపెడుతూ. "ఆ కిందది ఏంటో చెప్పమను మీ నాన్నని. అది చెబితే నేను పెట్టె ఖాళీ చేసేస్తాను."

వీధరుగు మీద రాజరత్నం కారు వంకే చూస్తున్నాడు.

ఆ కిందది ఏంటో నాన్నకి తెలిసినా తెలియకపోయినా ప్రిస్కిల్లాకి తెలుసు. నిన్న రాత్రి అబ్బులు ఫోన్లో "ట్యాంకులో నీళ్ళు" అనగానే తెలిసిపోయింది. చెప్పడానికి అయిదు నిమిషాలు చాలు. కానీ అది చెప్పాలంటే తనకెలా తెలుసో కూడా చెప్పాలి. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివిన కూతురు పంచదార ఫ్యాక్టరీలో చక్కెర పరీక్ష చేస్తోందని తల్లి ప్రార్థన కూటంలో అందరికీ చెప్పుకుంటోంది. ఆరు నెలలుగా ఆ పిల్ల చేస్తున్నది చక్కెర పరీక్ష కాదు. ఈస్టర్ అయ్యాక చెబుదాం, ఎండలు తగ్గాక చెబుదాం అనుకుంటూ ఆగస్టు తెచ్చేసింది. పిరికి పిల్ల కాదు, తల్లి మొహం చూస్తే మాట రాదు.

"ఆయ్, దీనమ్మగారూ, ఉన్నారాండి?"

అబ్బులు వచ్చాడు. నెత్తిన ఎరువుల సంచీ కప్పుకుని, చేతిలో మంచినీళ్ళ ప్లాస్టిక్ సీసా ఒకటి పట్టుకుని, గుమ్మంలో నీళ్ళు కారుస్తూ నిలబడ్డాడు. రాజరత్నం కారుకి ఇరవై ఏళ్ళుగా అతనే మెకానిక్కు.

"తెమ్మన్నావు కదా పాపా, తెచ్చాను. నిన్న ట్యాంకు అడుగునుంచి తీసిందే. బంకు వాళ్ళకి చూపించి గట్టిగా అడుగుదామని దాచాను."

ప్రిస్కిల్లా సీసా అందుకుంది. కిటికీలో వెలుతురున్న చోట పెట్టింది.

"అమ్మా, ఒక్కసారి ఇది చూడు. తర్వాత వెళ్దువుగాని. నేనే బస్సెక్కిస్తాను."

ఆ చివరి మాటకి దీనమ్మ కదిలింది. వచ్చి చూసింది. సీసాలో రెండు అంతస్తులున్నాయి. పైన నారింజ రంగు పెట్రోలు. కింద దాదాపు నీళ్ళలా తేటగా నాలుగు వేళ్ళ మందం. మధ్యలో గీత గీసినట్టు స్పష్టంగా తెలుస్తోంది.

"కిందవి నీళ్ళు. మాకూ తెలుసు," అంది దీనమ్మ.

"నీళ్ళొక్కటే కాదు. వాసన చూడు."

ప్రిస్కిల్లా లేసు సూదుల డబ్బా మూత తీసుకుని, పై పెట్రోలుని జాగ్రత్తగా గిన్నెలోకి ఒంపేసి, అడుగుది రెండు చుక్కలు మూతలో పోసింది. దీనమ్మ ముక్కు దగ్గర పెట్టుకుంది. పెట్టుకున్న మరుక్షణం ఆవిడ మొహం తెల్లబోయింది.

"ఇది... సారానే!"

"అవునమ్మా."

"మీ నాన్న పోశారా ట్యాంకులో?"

"అయ్యో, నాన్న కాదమ్మా! ఈ ఏడాది నుంచి మన బంకుల్లో వచ్చే పెట్రోల్లో నూటికి అయిదు పాళ్ళు కలిపే పంపిస్తున్నారు. ఇథనాల్ అంటారు దాన్ని."

"పేరు మారిస్తే సారా కాకుండా పోతుందా?"

"పోదు. రెండూ ఒకటే. ఇది నీళ్ళు లేకుండా చేసింది, అంతే తేడా."

దీనమ్మ మూత కింద పెట్టి చెయ్యి కొంగుకి తుడుచుకుంది. రెండు సార్లు తుడుచుకుంది.

"మరి ఎప్పుడూ లేనిది నిన్నే ఎందుకు వచ్చింది ఈ వాసన?"

"పెట్రోలుకి నీళ్ళంటే పడదమ్మా. సారాకి నీళ్ళంటే ప్రాణం. మామూలుగా పెట్రోలుతో కలిసిపోయి బుద్ధిగానే ఉంటుంది. ట్యాంకులోకి నీళ్ళొచ్చాయనుకో, పెట్రోలుని వదిలేసి ఆ నీళ్ళతో కలిసి అడుగుకి చేరిపోతుంది. మొన్న పుష్కరాల హడావిడిలో కొవ్వూరులో నాన్న ట్యాంకు మూత పోగొట్టుకున్నాడా, గుడ్డ కుక్కాడా? ఆ గుడ్డ అలా ఉండగానే కాలవ రేవులో బకెట్లతో కారు కడిగాడు. పైన ఈ వాన. నీళ్ళు దిగాయి. అడుగునుంచి లాగితే ముందుగా నోట్లో పడేది ఇదే."

"అదిగో, అదండీ సంగతి!" అన్నాడు అబ్బులు తొడ చరుచుకుని. "నేను బంకు వాణ్ణి తిట్టిపోశాను. తప్పు మా రత్నంగారి గుడ్డదన్నమాట. అయినా పాపా, ఈ సారా పెట్రోలు వచ్చిన దగ్గర్నుంచి మాకు నిద్రలేదు. పాత బళ్ళలో రబ్బరు ముక్కలు ఉబ్బిపోతున్నాయి. ట్యాంకులో ఇరవై ఏళ్ళ మడ్డి అంతా ఊడొచ్చి కార్బరేటర్లో దిగుతోంది. మైలేజీ కూడా తగ్గిందని డ్రైవర్లందరూ ఒకటే గోల."

"కాస్త తగ్గుతుంది మామా, అబద్ధమెందుకు? పాత బళ్ళకి ఇబ్బందే. కొత్తవాటికి రబ్బర్లు మారుస్తున్నారు. కానీ పొగ తగ్గుతుంది. ఎక్కడో ఎడారి దేశాల నుంచి ఓడల్లో తెచ్చుకునేదాంట్లో కొంత మన చెరుకు నుంచే వస్తుంది. చక్కెర తీశాక మిగిలే మడ్డిని ఒకప్పుడు ఎవరూ అడిగేవాళ్ళు కాదు. ఇప్పుడు దానికీ విలువొచ్చింది. రైతుకి మంచిదే కదా?"

"ఆ మడ్డి కోసం రేపు వరి మానేసి అందరూ చెరుకే వేస్తే? మనుషుల తిండి బళ్ళకి పెట్టినట్టు కాదా?"

"అదీ ఆలోచించాల్సిందే మామా. ఇంకోటి కూడా ఉంది. కాచాక మిగిలే నీళ్ళు మురుగుబోదెలో వదిలితే చేపలు బతకవు. వాటిని శుభ్రం చెయ్యడం పెద్ద పని. మేం ఆరు నెలల నుంచి..."

అక్కడ ఆగింది ప్రిస్కిల్లా. ఆగినా లాభం లేకపోయింది. మాట నోరు దాటేసింది.

దీనమ్మ మెల్లగా తిరిగింది.

"మేం అంటే?"

వాన చూరు మీంచి ధారగా కారుతోంది. అబ్బులు సంచీ సర్దుకోవడం మొదలుపెట్టాడు.

"మేం అంటే ఎవరే?"

"నేనేనమ్మా. ఫ్యాక్టరీలో చక్కెర వైపు కాదు నేను. స్పిరిట్ వైపు. ట్యాంకర్లలో పెట్రోలు డిపోలకి వెళ్ళేదాన్ని పరీక్ష చేసి, సంతకం పెట్టి పంపించేది నేనే."

"ఎన్నాళ్ళుగా?"

"ఫిబ్రవరి నుంచి."

"అంటే నేను సంఘంలో నిలబడి నా కూతురు చక్కెర పని చేస్తోందని సాక్ష్యం చెబుతుంటే, నువ్వు సారా కాస్తున్నావు."

"తాగడానికి కాదమ్మా అది! కార్లకి!"

"నేను పగలగొట్టిన కుండల్లో ఉన్నది కూడా ఎవరో ఎందుకో కాచిందేనే!" దీనమ్మ గొంతు మొదటిసారి లేచింది. "చదివించింది ఇందుకా? ఒక్కొక్క లేసు ముక్కా కళ్ళు పోయేలా అల్లి చదివించాను. సారా వాసన తగలని బతుకు నీకైనా ఉండాలనే కదే!"

"చెప్పనందుకు తిట్టు. కొట్టు. పని చేస్తున్నందుకు మాత్రం సిగ్గుపడమనకు. నాకు సిగ్గు లేదు." ప్రిస్కిల్లా కళ్ళ నిండా నీళ్ళున్నాయి, గొంతు మాత్రం వణకలేదు. "ఎవరికీ తెలీకుండా ఇంకో ఆరు నెలలు దాచగలిగేదాన్ని. ఇప్పుడెందుకు చెప్పాను? నాన్న మీద నింద పడింది కాబట్టి. నీకు కోపం నా మీద ఉండాలి, నాన్న మీద కాదు."

దీనమ్మ కూతురి వంక చూసింది. తర్వాత సీసా వంక చూసింది. తర్వాత పెట్టె మీద కూలబడి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చింది. రాత్రంతా ఆపుకున్నది ఒక్కసారిగా వచ్చేసింది. ప్రిస్కిల్లా పక్కన చేరి భుజం మీద చెయ్యి వేస్తే తోసెయ్యలేదు.

"పాపం ఆ మనిషిని రాత్రి అన్నానికి కూడా పిలవలేదు," అంది వెక్కుతూ. "వీధిలోనే పడుకోనిచ్చాను."

చదివేవాళ్ళకి ఇక్కడ హమ్మయ్య అనిపిస్తే తప్పులేదు. ఆ ఇంట్లో ముగ్గురికీ అలాగే అనిపించింది. దీనమ్మ లేచి బైబిలు పైకి తీసింది. అబ్బులు మొహం వెలిగిపోయింది. వీధరుగు మీంచి రాజరత్నం లేచి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు గానీ లోపలికి అడుగు పెట్టలేదు.

"రండి లోపలికి," అంది దీనమ్మ. "తడిశారు."

ఆయన కదల్లేదు.

ఆ మౌనాన్ని పూడ్చడం తన బాధ్యత అనుకున్నాడు అబ్బులు. మంచివాడు. మంచివాళ్ళకి ఎక్కడ ఆపాలో తెలియదు.

"అసలు తప్పు నాదండి దీనమ్మగారూ. ట్యాంకు అడుగునుండే బిరడా తుప్పుపట్టి బిగుసుకుపోయింది, గొట్టం పెడితే గానీ అవదు. నేనే లాగాల్సింది. నా చేతుల్లో కార్బరేటరు ఉండటంతో రత్నంగారు లాగారు. ఒకసారి కాదండి పాపం, రెండుసార్లు లాగారు. ఎంత కష్టం చెప్పండి!"

దీనమ్మ బైబిలు పట్టుకున్న చెయ్యి ఆగింది.

డ్రైవరు పెళ్ళానికి గొట్టం సంగతి కొత్తగా చెప్పాలా? ఎన్నిసార్లు కింద డబ్బా పట్టుకుంది ఆవిడ! ఒక్కసారి నోటితో లాగి గొట్టం కొస కిందికి వదిలితే చాలు. ఆ తర్వాత తనంతట తనే కారుతుంది.

"రెండోసారి ఎందుకు లాగారు అబ్బులూ? ధార ఆగిపోయిందా?"

"లేదండీ, సుబ్బరంగా పడుతుంటేనే మళ్ళీ ఎత్తి నోట్లో..."

అబ్బులు నోరు మూసుకున్నాడు. ఆలస్యమైపోయింది.

దీనమ్మ గుమ్మం దాకా వెళ్ళింది. నిన్నటి నుంచి భర్త మొహం చూసి మాట్లాడని మనిషి ఇప్పుడు ఆయన కళ్ళలోకి చూసి అడిగింది.

"ఉమ్మేశారా, మింగారా?"

రాజరత్నం పెదవులు తడుపుకున్నాడు.

"మొదటిది ఉమ్మేశాను దీనా. దేవుడి తోడు. ఏం వస్తోందో నాకు తెలీదు, నీళ్ళే అనుకున్నాను. నాలిక మీద పడగానే తెలిసిపోయింది. తొమ్మిదేళ్ళయినా నాలిక మర్చిపోలేదు."

"రెండోది?"

"నిజంగా అదేనా, కాదా చూద్దామని... అలా అని నాకు నేను చెప్పుకున్నాను. మింగాను."

"నాన్నా! అందులో పెట్రోలుంది! విషం అది!" అంటూ ప్రిస్కిల్లా పరిగెత్తింది. "ఎంత? కడుపులో మంటగా ఉందా? వాంతయిందా?"

"గుక్కెడమ్మా. రాత్రే కక్కేశాను. ఏం కాలేదులే."

ఏం కాలేదంట. ఆ గుక్కెడూ ప్రిస్కిల్లా సంతకం పెట్టి పంపిన ఏ ట్యాంకరులోదో. నాన్న కోసం తల్లితో అంత పోట్లాడింది, ఆ నాన్నేమో నిన్నటి నుంచి ఒక్కసారి కూడా తాగలేదు అనలేదు. ఆ సంగతి ఇప్పుడు తట్టింది. తాగలేదు, తాగలేదు అని ఊదరగొట్టింది తనొక్కతే.

"నీకు అబద్ధం చెప్పలేక ఊరుకున్నాను దీనా," అన్నాడు రాజరత్నం. "వాసన పెట్రోలుది అన్నాను. అది నిజమే. మిగతా సగం నోరు దాటలేదు."

దీనమ్మ అరవలేదు. ఏడవలేదు. తొమ్మిదేళ్ళ కిందట చెప్పినట్టే.

"అమ్మడూ," అంది కూతురితో. "ఈ కల్తీ ఆ ఒక్క బంకులోనేనా?"

"కల్తీ కాదమ్మా. అన్ని బంకుల్లోనూ ఇదే. ముందుముందు ఇంకా పెంచుతారంటున్నారు."

"అంటే రోజూ ఆయన కారు వెనకాల పెట్టుకుని తిప్పేది దాన్నే."

"పెట్రోల్లో కలిసిపోయి ఉంటుందమ్మా, దాన్నెవరూ..."

"గ్లాసుడు నీళ్ళు పోస్తే విడిపోతుంది. అడుగుకి చేరుతుంది. అడుగునుంచి లాగితే ముందుగా నోట్లో పడేది అదే." దీనమ్మ ఒక్కొక్క మాటా పలికింది. "ఇప్పుడే కదే చెప్పావు, సీసా పెట్టి మరీ. మీ నాన్న వింటుండగా."

తండ్రి మీది నింద పోగొడదామని వచ్చిన ప్రిస్కిల్లాకి, తను తండ్రికి ఏం నేర్పిందో అప్పుడు అర్థమైంది. సారా కొట్టు మూయించొచ్చు, కుండలు పగలగొట్టొచ్చు. పెట్రోలు బంకు ముందు ఎవరు బైఠాయిస్తారు? కారు నడవకపోతే ఆయన చేతకాని మనిషవుతాడు. నడిస్తే అది వెనకాలే ఉంటుంది.

వీధి చివర గాంధీ బొమ్మ దగ్గర పాలకొల్లు బస్సు హారన్ రెండుసార్లు మోగింది. దీనమ్మ బైబిలు మళ్ళీ పెట్టెలో పెట్టింది. మూత వేసింది.

"అమ్మా!"

"దారి ఇవ్వండి," అంది దీనమ్మ గుమ్మంలో ఉన్న భర్తతో.

రాజరత్నం పక్కకి జరిగాడు. జరుగుతూ చొక్కా జేబులో చెయ్యిపెట్టి కారు తాళాలు తీశాడు. ఇరవై ఏళ్ళలో ఆయన ఆ తాళాలు ఇంకొకరి చేతికి ఇవ్వడం ఎవరూ చూడలేదు. అబ్బులుకి కూడా ఇంజను విప్పేటప్పుడు దగ్గర నిలబడే ఇస్తాడు. ఇప్పుడు వాటిని అరచేతిలో పెట్టి పెళ్ళాం ముందుకి చాచాడు.

"నువ్వు వెళ్ళు దీనా. నేను ఆపను, ఆపే మొహం లేదు," అన్నాడు. "ఇవి మాత్రం పట్టుకెళ్ళు. ఇక్కడ నా దగ్గర వదిలేసి వెళ్ళకు."